బంగ్లా పరదాలు

బోధన్‌లో దేవవ్వ మడిచి కుట్టిన అంచు వంకరపోయిందన్న మాట ఎవరి నోటా రాలేదు. బట్టలోంచి ఒక్క పోగు లాగేసి, ఆ ఖాళీ గీత వెంటే మడిచేది. చేయి ఎంత నేరుగా పోయేదో మనసు అంత వంకర. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే ఏం ఆశించి వచ్చారోనని ముందు వాళ్ల చేతుల వంక చూసేది.

చెరకు మిల్లు లేచాక పెద్దమనుషులు దిగడానికి ఊళ్లో బంగ్లా ఒకటి కట్టారు. అక్కడి పరదాలు, బల్లగుడ్డలు కుట్టే పని దేవవ్వకు దొరికింది. మొగుడు పోయిన మనిషి, సూదే అన్నం పెట్టాలి. ఈ పని నిలిస్తే ఇక ఎవరి గుమ్మమూ తొక్కనక్కర్లేదు. సాయానికి రాధాబాయిని పెట్టుకుంది. చెరకు నరకడానికి దెగ్లూరు వైపు నుంచి మొగుడితో వచ్చిన పిల్ల.

"అవ్వా, కోరా బట్ట, ఇంకా నీళ్లు తగల్లేదు. ఒకపూట నానబెట్టి, మా గుడిసె ముంగట ఆరేసి కుడదాం," అంది రాధాబాయి.

ఆరేసిన బట్టలో ఎంత తిరిగొస్తుందో! దేవవ్వకు అనుమానం తన్నుకొచ్చింది.

"నీ తెలివి నీకాడనే ఉంచుకో. కుట్టు."

కింది మడతలు దేవవ్వ, పై మడతలు రాధాబాయి కుట్టారు. ఉతికించి ఇస్త్రీ చేయించడానికి చాకలి ఇంటికి మోసుకుపోయింది కూడా రాధాబాయే. మూడోరోజు బంగ్లా చూసుకునే నర్సింలు పరదాలన్నీ తెచ్చి దేవవ్వ ముందు పడేశాడు.

"జానెడు తక్కువున్నయి. బట్ట ఏడవోయింది? ఎల్లుండి దొరలు దిగుతున్నరు. గప్పటిదాక సరిజెయ్యకుంటే మల్ల బంగ్లా దిక్కు రాకు."

పై మడత విప్పి, జానెడు కోసి, మళ్లీ కుట్టడానికి చాకలి ఇంటికి మోసుకుపోయిన పిల్లకు రెండు రోజులు చాలవా? దేవవ్వ వాడకట్టంతా వినేలా అరిచింది. "గీ పిల్లనే కోసుకున్నది!"

"నేను దొంగనా అవ్వా?" అని అడిగి, రాధాబాయి వెళ్లిపోయింది.

దేవవ్వ మిగిలిన పీలికలు అతికిద్దామని పరదా వెడల్పుకు సరిగ్గా ఒకటి కత్తిరించింది. ఉతకని పీలిక రంగు ఉతికిన పరదాతో కలవలేదు. ఉతికి ఎండలో వేసింది. ఆరాక పరదా పక్కన పెడితే పీలిక పొట్టిదైంది.

దొంగ నీళ్లేనన్నమాట, తడిసి బట్ట ముడుచుకుపోయింది! సిగ్గుతో దేవవ్వ చెవులు కాలిపోయాయి. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు కదా అనే బుద్ధి కూడా పుట్టింది. కానీ ఆ పిల్ల అడిగిన మాట చెవిలోంచి పోలేదు. నర్సింలుతో, వాడకట్టు అందరితో తప్పు తనదేనని చెప్పి, రాధాబాయి గుడిసెకు వెళ్లి బతిమాలింది. రాధాబాయి వచ్చింది. ఇద్దరూ కూర్చుని వెడల్పాటి మడతలు విప్పి, సన్నగా మడిచి కుట్టి, తగ్గిన జానెడు రాబట్టి, అనుకున్న రోజుకు పరదాలు అందించారు. బంగ్లా పని నిలిచింది.

ఆనాటి నుంచి సాయంత్రం ఇంటికి పోయేముందు రాధాబాయి గడప దగ్గర నిలబడి కొంగు విప్పి దులిపేది.

"సూస్కో అవ్వా."

"వద్దు బిడ్డా. నీ మీద నాకు నమ్మకమున్నది."

"నీకున్నది. నాకే నీ మీద లేదు," అనేది రాధాబాయి. దేవవ్వ చూసేదాకా గడప దాటేది కాదు.