ఆదెమ్మక్క అడిగిన రహస్య ప్రశ్న

నా తెలివితో నేనే కట్టిన గోడకు నేనే తల బాదుకున్న రోజు గురించి చెబుతాను. ఆ దెబ్బకు నా పరువు పోయింది, ఒక పచ్చని కాపురంలో మంట కూడా రేగింది. మీరు నవ్వుకోండి, నేనేమీ అనుకోను. మా ఆఫీసులో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

ధర్మవరంలో ఒక పట్టుచీరల కంపెనీకి నేను డిజైన్లు గీస్తాను. కంప్యూటర్ల గురించి రెండు ముక్కలు ఎక్కువ తెలుసన్న పాపానికి, ఆఫీసు నెట్‌వర్క్ బాధ్యత కూడా మా ఓనరు నాగప్పన్న నా నెత్తినే పెట్టాడు. ఇళ్ల నుంచి పనిచేసేవాళ్లు ఆఫీసు కంప్యూటర్లలోకి రావడానికి వీపీఎన్ అని ఒక దారి ఉంటుంది. ఆ దారికి కాపలాదారుణ్ని నేనే. కొత్తగా కొమ్ములొచ్చిన కోడెలా నేను పెట్టిన రూల్సు చూడాలి మీరు! డిజైన్లు వాట్సాప్‌లో పంపకూడదు. పాస్‌వర్డ్ మూడుసార్లు తప్పు కొడితే తలుపు మూసుకుపోతుంది. మళ్లీ తెరవాలంటే ఆఫీసులో ఉన్న ఆదెమ్మక్కకు ఫోన్ చేసి, ముందే రాసిచ్చిన రహస్య ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఒక్క అక్షరం తేడా రాకూడదు.

ఆదెమ్మక్క మా ఆఫీసులో అందరికంటే పాత మనిషి. "గొంతు గుర్తుపట్టినా నమ్మద్దక్కా. ఫోన్ చేసింది నేనైనా సరే!" అని ఆమెకు గట్టిగా పాఠం చెప్పాను. ఆమె భక్తిగా తల ఊపింది. ఆ ఊపును నేను అప్పుడే అనుమానించాల్సింది.

ఆ వారమే భార్య పద్మతో కొత్తచెరువు ఊళ్లో ఉన్న అత్తగారింటికి వెళ్లాను. పొద్దున తొమ్మిదింటికి నాగప్పన్న ఫోన్.

"రామాంజీ, పెండ్లికూతురి చీర కొంగు డిజైను యాడప్పా? మగ్గం కాడ మనిషి చేతులు కట్టుకోని కూర్చోనుండాడు. వారంలో పెండ్లి!"

"ఐదే నిమిషాలన్నా!"

డిజైను నా లాప్‌టాప్‌లో సిద్ధంగా ఉంది. వీపీఎన్ తెరిచి పాస్‌వర్డ్ కొట్టాను. తప్పంది. దాన్ని ముందు రోజే మార్చానని అప్పుడు గుర్తొచ్చింది. ఏమని మార్చానో మాత్రం రాలేదు. బుర్రలో ఎంత వెతికినా ఎండాకాలం పెన్నానదిలా అంతా ఇసుకే. ఇంకో రెండుసార్లు గుడ్డిగా కొట్టాను. తలుపు మూసుకుంది.

సరిగ్గా అప్పుడే మా అత్త, బొరుగులు నానబెట్టి తాలింపేసిన ఉగ్గాని ప్లేటు తెచ్చి ముందు పెట్టింది.

"పని యాడికీ పోదు, తిను నాయనా. నీ కోసమే చేసినా."

ఒక ముద్ద చేతిలోకి తీసుకుని, ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ఆదెమ్మక్కకు కొట్టాను.

"అక్కా, నేను రామాంజిని. తలుపు తెరువు."

"ఏ రామాంజి?"

"నీ పక్క కుర్చీలో కూర్చునే రామాంజినక్కా!"

"అట్ల శానామంది చెప్తారప్పా. గొంతు నమ్మద్దని మా రామాంజి చెప్పినాడు."

"ఆ రామాంజిని నేనే!"

"దొంగోళ్లు గూడా అదే మాట చెప్తారని గూడా చెప్పినాడు."

ఇంత మంచి శిష్యురాలు పగవాడికి కూడా వద్దు. "సరే, ప్రశ్న అడుగక్కా," అన్నాను.

కాగితం గరగరలాడింది. ఆదెమ్మక్క గొంతు సవరించుకుంది.

"ప్రపంచంలో మీకు అస్సలు నచ్చని తిండి ఏది?"

ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. జవాబు రాసిన రోజు నా తెలివికి నేనే ఎంత మురిసిపోయానో! అసలైన రహస్యమంటే పెళ్లానికి కూడా చెప్పనిది కదా అనుకుని, నాలుగేళ్లుగా కడుపులో దాచుకున్న నిజాన్ని రాసేశాను.

గబుక్కున స్పీకర్ ఆపి, గోడ వైపు తిరిగి గొణిగాను.

"ఇనపడ్లేదప్పా. ఈడ మగ్గాల సద్దు. గెట్టిగా చెప్పు."

"ఉగ్గాని..."

"ఇంకో మాట గూడా ఉండాది ఈడ. మొత్తం చెప్పల్ల. అక్షరం తేడా రాగూడదంట."

అవతల నాగప్పన్న ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. పెండ్లికూతురిని తలుచుకుని కళ్లు మూసుకున్నాను.

"అత్తగారి ఉగ్గాని!"

అరిచిన అరుపుకు పెరట్లో కోళ్లు కూడా లేచిపోయాయి.

"ఆ! నువ్వు మా రామాంజివే. తెరిచినా, కొత్త పాస్‌వర్డ్ గూడా పంపినా పో," అంది ఆదెమ్మక్క హాయిగా.

డిజైను వెళ్లిపోయింది. ధర్మవరంలో మగ్గం కదిలింది. కొత్తచెరువులో మాత్రం ఈగ కూడా కదల్లేదు. మెల్లగా వెనక్కి తిరిగాను. పద్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మా అత్త చేతిలో గరిటె ఉంది.

"నాలుగేండ్ల నుంచి వచ్చినప్పుడల్లా మూడు ప్లేట్లు తినిందెవురప్పా?"

"మర్యాదకత్తా..."

"మర్యాదకు ఒక ప్లేటు సాలదా?"

అంతవరకూ పేపరు వెనక దాక్కున్న మా మామ పెద్దగా నిట్టూర్చాడు.

"ఏమప్పా అల్లుడూ, ముప్పై ఏండ్లు నేను నోరు కట్టేసుకోని దాచిన మాట. నాలుగేండ్లకే బయట పెడ్తివే!"

గరిటె నెమ్మదిగా మామ వైపు తిరిగింది. ఆ సందులో నేను లాప్‌టాప్‌తో సహా మిద్దె ఎక్కేశాను.

మిద్దె మీద, ఎర్రటి ఎండ సాక్షిగా ప్రమాణం చేశాను: రహస్య ప్రశ్నకు ఈ జన్మలో నిజం రాయను. ఇప్పుడున్న ప్రశ్న "మీకు నిద్ర పట్టాలంటే ఏం కావాలి?" జవాబు శుద్ధ అబద్ధం. మైకులో చదివినా నాకు భయం లేదు: "మా ఆవిడ పాట వింటే చాలు, నాకు హాయిగా నిద్ర పడుతుంది."