వదిన కొన్న ఎనిమిది కన్నాల పెట్టె

ఆ కుట్టుపని షాపులో ఆవిడ అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. మేడ మీద ఉండే ఆడపడుచు మెట్ల మీద నుంచి "వదినా!" అని రోజంతా కేక పెడుతూ ఉంటే, బట్టలు కుట్టించుకునేవాళ్ళూ, దారాలు అమ్మేవాళ్ళూ, చివరికి ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా వదిన అనడం మొదలుపెట్టారు. ఒక్క మాస్టారే "ఏమోయ్" అంటాడు. మాస్టారంటే ఆవిడ మొగుడు. కోట్లు కుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. ముందు గది ఆయనది, వెనక గది వదినది.

వెనక గదిలో మూడు ఎంబ్రాయిడరీ మిషన్లు ఉన్నాయి. యూనిఫాముల మీద పేర్లు, జేబుల మీద గుర్తులు కుట్టేవి. వదిన లాప్‌టాప్‌లో డిజైను గీసి, మూల ఉన్న పెద్ద కంప్యూటరుకి పంపిస్తుంది. అక్కణ్ణుంచి అది గోడకున్న స్విచ్ అనే వైర్ల పెట్టె మీదుగా మిషన్లకు వెళుతుంది, మేడ మీదికి ఇంటర్నెట్ వెళ్ళేదీ దాంట్లోంచే. మూడూ ఒక్కసారి సూదులు దించాయంటే గది గదంతా దడదడలాడుతుంది. ఆ చప్పుడు చెవిన పడితే చాలు, వదినకి పూనకమే. చేతిలో ఉన్న టీ చల్లారిపోయినా పట్టించుకోదు.

ఇంతటి ఇష్టమైన పనికి ఈ మధ్య ఏదో పీడ పట్టుకుంది. ఉన్నట్టుండి పెద్ద కంప్యూటరు "మిషన్లు కనిపించడం లేదు" అంటుంది. అదే క్షణంలో మేడ మీద ఆడపడుచుకి ఆఫీసు వాళ్ళతో మాట్లాడుతున్న వీడియో కాల్ తెగిపోతుంది.

"వదినా! మళ్ళీ చచ్చింది!"

"ఉండు, చూస్తున్నా!" అంటూ వదిన లాప్‌టాప్ తెరిచి, గోడ దగ్గర్నుంచి వైరు కొస లాగి తగిలించి కూర్చుంటుంది. అంతే, అన్నీ లేచి కూర్చుంటాయి. మిషన్లు కనిపిస్తాయి, కాల్ కలుస్తుంది.

"బాగానే ఉందిగా?"

"నువ్వు కూర్చున్నావు కాబట్టి బాగుంది. అవి నీకే భయపడతాయి వదినా. అన్నయ్యకంటే నయం."

ఆ మాటకి వదిన లోలోపల పొంగిపోయేది. కానీ ఎంతసేపని కూర్చుంటుంది? పని అయ్యాక లాప్‌టాప్ మూసి, దాని వైరు ఊడదీసి, ఆ కొసను తీసుకెళ్ళి గోడకున్న స్విచ్‌లో ఖాళీగా ఉన్న కన్నంలో గుచ్చేసి లేస్తుంది. కుట్టుపని చేసేవాళ్ళకి అది ఒంట్లో ఉన్న అలవాటు. పనైపోయిన సూదిని బల్ల మీద వదిలేస్తారా? మెత్తలో గుచ్చి పెడతారు. వేలాడే కొస కనిపిస్తే వాళ్ళ చెయ్యి ఊరుకోదు. వదిన లేచి వెళ్ళిన కాసేపటికి మళ్ళీ పైనుంచి కేక.

ఇంటర్నెట్ కంపెనీ కుర్రాడు వచ్చి చూశాడు. అతను వచ్చిన ప్రతిసారీ, ఏం జరుగుతోందో చూపించాలని వదిన లాప్‌టాప్ తెరిచే ఉంచేది. పాపం, అతనికి ఏ లోపమూ కనిపించేది కాదు. "అంతా బాగుంది మేడమ్" అన్నాడు. వదిన అతనికి కళ్ళజోడు మార్చుకోమని సలహా ఇచ్చి పంపించింది.

మాస్టారికి ఇదంతా విసుగు. "సూదికి దారం ఎక్కిస్తే కుట్టే మిషను మా నాన్న కాలం నుంచీ ఉంది. దానికి ఏ వైరూ అక్కర్లేదు. ఇదిగో చెప్తున్నా, ఆ హాస్పిటల్ పని వస్తే సరే. రాలేదా, రెండు మిషన్లు అమ్మేద్దాం. అడిగేవాళ్ళు ఉన్నారు."

హాస్పిటల్ పనంటే, ఊళ్ళో పెద్ద హాస్పిటల్లో పనిచేసే వాళ్ళందరి తెల్లకోట్ల మీదా పేర్లు కుట్టే పని. అక్కడ స్టోర్స్ చూసే మేడమ్ శుక్రవారం పొద్దున స్వయంగా వస్తానంది. మూడు కోట్ల మీద మూడు వేర్వేరు పేర్లు ఒకేసారి కుట్టి చూపించాలి. మధ్యలో ఆగిందంటే పని పోతుంది, పనితో పాటు రెండు మిషన్లూ పోతాయి. ఒక్క మిషను చప్పుడుతో బతకడం వదిన ఊహకే అందలేదు.

"తప్పంతా ఆ పాత స్విచ్‌ది" అని తేల్చేసి, చేతిసంచీ పట్టుకుని కంప్యూటరు సామాన్ల షాపుకి బయల్దేరింది.

షాపాయన ముందు ఒక చిన్న ప్లాస్టిక్ పెట్టె చూపించాడు. "ఇది మామూలుదమ్మా. వైర్లు పెట్టెయ్యడమే. ఏమీ అడగదు, ఏమీ చెప్పదు."

"అలాంటిది మా ఇంట్లో ఒకటి ఉందండీ" అంది వదిన. స్విచ్ గురించే అందో, మాస్టారి గురించే అందో షాపాయనకి తెలియలేదు.

"అయితే మేనేజ్డ్ స్విచ్ తీసుకోండి. దీనికి లోపల ఒక పేజీ ఉంటుంది. ఏ వైరులో ఏం నడుస్తోందో చూడొచ్చు. ఒక్కో కన్నానికి మీరు చెప్పినట్టు నడవమని చెప్పొచ్చు."

"చెప్పినట్టు నడుస్తుందా?" వదిన ముందుకి వంగింది.

"నడుస్తుందమ్మా. మామూలు స్విచ్ అంటే ఒక పెద్ద హాలు. అందరూ అందులోనే కూర్చుని మాట్లాడుకుంటారు. దీంట్లో అయితే గదులు కట్టొచ్చు. ఇంట్లోవాళ్ళు ఒక గది, మీ మిషన్లు ఒక గది. ఒకళ్ళ గోల ఇంకొకళ్ళకి వినపడదు."

వదిన కళ్ళు మెరిశాయి. ఆ ఇంట్లో కాపురానికొచ్చిన నాటి నుంచీ ఆవిడ అడుగుతున్నది అదే కదా!

షాపాయనకి హుషారొచ్చి ఇరవై నాలుగు కన్నాల పొడుగాటి పెట్టె ఒకటి దించాడు. ఆన్ చేయగానే అందులో ఫ్యాను గుయ్యిమంది. వదిన వేళ్ళ మీద లెక్కేసుకుంది. మిషన్లు మూడు, పెద్ద కంప్యూటరు, లాప్‌టాప్, పైకి వెళ్ళే వైరు, ఇంటర్నెట్ వచ్చే వైరు.

"నాకు ఎనిమిది చాలండీ. కొలతకి మించి గుడ్డ తీసుకుంటే పీలికలే మిగులుతాయి."

"పోనీ, ఎనిమిదిలోనే కరెంటు కూడా వైరులోనే పంపేది ఉంది. కెమెరాలు పెట్టుకుంటే..."

"నాకు కెమెరాలు లేవు. లైనింగ్ అక్కర్లేని చొక్కాకి లైనింగ్ వేస్తానంటారేంటి?"

షాపాయన నవ్వేసి దాన్ని పక్కన పెట్టాడు. చివరికి బల్ల మీద రెండు మిగిలాయి. రెండూ ఎనిమిదేసి కన్నాలవే, రెండూ ఇనప పెట్టెలే. వదిన ఒకదాన్ని తిరగేసింది, బరువు చూసింది, అంచుల మీద వేలితో రాసింది.

"లోపలివైపు చూపించండి."

"లోపల ఏముంటుందమ్మా?"

"కుట్టు ఎంత బాగుందో లోపలివైపు చూస్తేనే కదా తెలిసేది! ఆ పేజీ అన్నారే, అది తెరిచి చూపించండి."

షాపాయన తన కంప్యూటరుకి తగిలించి రెండింటి పేజీలూ తెరిచాడు. మొదటిదాంట్లో అక్షరాలు చీమల బారులా ఉన్నాయి, ఎక్కడ ఏముందో తయారుచేసినవాడికైనా తెలుసో లేదో. రెండోదాంట్లో పెట్టె బొమ్మ వేసి ఉంది. ఎనిమిది కన్నాలూ వరసగా, వైరు ఉన్నచోట పచ్చగా. షాపాయన వైరు తీయగానే అక్కడ పచ్చరంగు పోయింది. మళ్ళీ పెట్టగానే వచ్చింది.

"అబ్బ! ఇంకోసారి తీయండి" అంది వదిన. ఆయన తీశాడు. "పెట్టండి." పెట్టాడు. "నన్ను ఒకసారి తీయనివ్వండి." తీసింది, పెట్టింది, తీసింది. వెనక నిలబడ్డ ఇంకో బేరం దగ్గినా వినిపించుకోలేదు.

"ఇంకో సంగతమ్మా. ఇది లూప్‌ని కూడా పట్టేస్తుంది."

"లూపంటే?"

"ఒకే వైరు రెండు కొసలూ ఇందులోనే గుచ్చేస్తారు కొందరు. అప్పుడు పోయిన మాట తిరిగి వచ్చి, మళ్ళీ పోయి, అలా గిరగిరా తిరిగి మొత్తం నెట్‌వర్క్ పడుకుంటుంది. ఇదైతే ఆ కన్నాన్ని మూసేసి మిగతావాటిని కాపాడుతుంది."

వదిన పకపకా నవ్వింది. "అంత తెలివితక్కువ వాళ్ళు ఎవరుంటారండీ!"

"ఉంటారమ్మా" అన్నాడు షాపాయన, ఎంతోమందిని చూసినవాడిలా.

ఆ పెట్టెను వదిన ఒళ్ళో పెట్టుకుని మరీ ఇంటికి తెచ్చింది. పాతది పీకి కొత్తది బిగించి, పేజీ తెరిచింది. మొదట పాస్‌వర్డ్ మార్చమని షాపాయన చెప్పాడు కాబట్టి మార్చింది. మాస్టారు కలలో కూడా ఒప్పుకోని అంకె ఒకటి పెట్టింది, ఆయన ఇప్పటి నడుము కొలత. తర్వాత గదులు కట్టడం మొదలుపెట్టింది. పైవైరూ ఇంటర్నెట్ వైరూ ఒక గది, మిషన్లూ కంప్యూటర్లూ ఒక గది. మొదటిసారి తడబడి పెద్ద కంప్యూటరుని పైవాళ్ళ గదిలో పడేసింది.

"వదినా! నీ కంప్యూటరు నాకు కనిపిస్తోందేంటి? అలిగి పుట్టింటికి వచ్చేసిందా?"

"పంపించెయ్యవే తల్లీ, దానికి ఇక్కడ బోలెడు పనుంది!"

రెండోసారికి అన్నీ వేటి గదిలో అవి కూర్చున్నాయి. వదిన ఆ సాయంత్రమంతా లాప్‌టాప్ మూయలేదు. పేజీలో పచ్చచుక్కలు చూస్తూ ఒక్కో మిషన్నూ నడిపించింది, మూడూ కలిపి నడిపించింది, ఖాళీ గుడ్డ మీద మాస్టారి పేరు మూడుసార్లు కుట్టింది. ఆయన వచ్చి చూసి, "రేపు ఆగకపోతే చూద్దాం" అని వెళ్ళిపోయాడు.

శుక్రవారం మేడమ్ వచ్చింది. సన్నగా, చురుగ్గా, ప్రతిదాన్నీ కాస్త అనుమానంగా చూసే మనిషి. మూడు తెల్లకోట్లు తెచ్చి బల్ల మీద పెట్టింది. మూడు పేర్లు చెప్పింది. వదిన లాప్‌టాప్‌లో చకచకా అక్షరాలు పేర్చి, పెద్ద కంప్యూటరుకి పంపించింది. మాస్టారు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆడపడుచు పైనుంచి వచ్చి మెట్ల మీద కూర్చుంది, చెవికి తగిలించుకున్న ఫోనులో ఆఫీసు కాల్ అలాగే నడుస్తోంది.

కోట్లు పరచడానికి బల్ల మీద చోటు చాలలేదు. వదిన లాప్‌టాప్ మూసింది, వైరు ఊడదీసింది, కొస తీసుకెళ్ళి స్విచ్‌లో ఖాళీ కన్నంలో గుచ్చింది. కోట్లు పరిచి, ఒక్కోదాన్నీ మిషనుకి బిగించి, పెద్ద కంప్యూటరు దగ్గరికెళ్ళి మీట నొక్కింది.

మూడు సూదులూ ఒక్కసారి దిగాయి. గది దడదడలాడింది. తెల్లగుడ్డ మీద నీలం అక్షరాలు మూడుచోట్లా ఒకేసారి మొలకెత్తుతుంటే మేడమ్ కూడా ఒక అడుగు ముందుకు వేసింది. వదినకి ఎగిరి గంతెయ్యాలనిపించింది.

"అక్కడ ఒక్క లైటు వేరే రంగులో కొట్టుకుంటోందేంటండీ?" అంది మేడమ్, గోడవైపు చూపిస్తూ.

పచ్చచుక్కల మధ్య ఒక లైటు నారింజ రంగులో ఆరి వెలుగుతోంది. పొద్దున వదిన పెద్ద కంప్యూటరు మీద కూడా తెరిచి పెట్టిన స్విచ్ పేజీ అలాగే ఉంది. పెట్టె బొమ్మ కింద రెండు ముక్కల్లో రాసి ఉంది. ఏడో కన్నం, ఎనిమిదో కన్నం ఒకే వైరు కొసలు, ఎనిమిదో కన్నం మూసేశాం.

వదిన వైరును కళ్ళతోనే పట్టుకుని వెళ్ళింది. ఏడో కన్నం నుంచి బల్ల దాకా, బల్ల నుంచి వెనక్కి, ఎనిమిదో కన్నంలోకి. ఆ కన్నంలో దాన్ని గుచ్చిన చెయ్యి తన భుజానికే వేలాడుతోంది. షాపులో నవ్విన నవ్వు గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. ఆ ఇంటర్నెట్ కుర్రాడి కళ్ళజోడు కూడా గుర్తొచ్చింది.

"ఏమంటోంది?" మాస్టారు దగ్గరికొచ్చాడు.

ఏమీ లేదండీ అనెయ్యొచ్చు. అనబోయింది కూడా. కానీ మిషన్లు మూడూ ఆగకుండా అంత అందంగా కుట్టుకుపోతుంటే అబద్ధానికి నోరు రాలేదు.

"ఇన్నాళ్ళూ అన్నిటినీ పడుకోబెట్టింది నేనేనండీ. లాప్‌టాప్ వైరు కొస ఊరికే వేలాడుతుంటే చూడలేక, సూదిని గుచ్చినట్టు తీసుకెళ్ళి ఇందులోనే గుచ్చేదాన్ని."

మెట్ల మీద ఆడపడుచు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆ చెయ్యి చాల్లేదు. "అంటే కాల్ తెగిందని నా మేనేజరుతో పడ్డ పోట్లాటంతా నీ పుణ్యమేనా వదినా?"

"నోర్ముయ్, కాల్‌లో ఉన్నావు!"

మాస్టారు నవ్వు ఆపుకోవడానికి పైకప్పు వైపు చూశాడు. మేడమ్ మాత్రం నవ్వలేదు. స్విచ్ దగ్గరికెళ్ళి, నారింజ లైటునీ, మిషన్లనీ మార్చి మార్చి చూసింది.

"అంటే ఇప్పుడు కూడా ఆ తప్పు చేశారు. అయినా పని ఆగలేదు."

"ఆగలేదండీ" అంది వదిన, సిగ్గుతో సగం, గర్వంతో సగం.

"ఇంతకుముందు మాకు కుట్టినాయన మిషన్లు ఎందుకు ఆగాయో ఆయనకి ఎప్పుడూ తెలిసేది కాదు. వారం వారం కొత్త సాకు. మీరైతే తప్పెక్కడుందో చూపించారు, అది మీదేనని కూడా చెప్పారు." పేరు పూర్తయిన మొదటి కోటు మిషను నుంచి విప్పి, లోపలివైపు తిరగేసి, ముడులు చూసి తల ఊపింది. "సోమవారం నుంచి కోట్లు పంపిస్తాను. మా నర్సుల గౌన్లు కూడా ఉన్నాయి. మూడు మిషన్లతో సరిపెట్టగలరా?"

వదిన నోరు తెరిచేలోపే గోడ పక్క నుంచి గొంతు వినిపించింది. "నాలుగు పెడతామండీ."

అందరూ అటు తిరిగారు. మాస్టారు అప్పటికే గోడ పక్కన వంగి, జానలతో చోటు కొలుస్తున్నాడు. "ఏమోయ్, నా ఇస్త్రీ బల్ల ముందు గదిలోకి జరిపితే ఇక్కడ ఇంకో మిషను పడుతుందా? వచ్చి ఆ చివర పట్టుకో."

వదిన పరుగున వెళ్ళి బల్ల రెండో చివర పట్టుకుంది. మేడమ్ ఇంకా గదిలోనే ఉందన్న సంగతి కూడా మరిచిపోయి, "ఎత్తండీ, ఎత్తండి!" అని మాస్టారిని తొందరపెట్టింది.