చీమలు పట్టిన బూట్లు

పొద్దున మా అబ్బాయి స్కూలు బూట్లలోంచి చీమలు బయటికొచ్చాయి. లోపల ఎప్పుడో పడేసుకున్న చాక్లెట్ ముక్క. వాడు నవ్వాడు. నాకు మాత్రం అనకాపల్లిలో మా పాత వంటగది కళ్ల ముందుకొచ్చింది.

చీమలు పట్టకుండా మన అమ్మలు బెల్లం డబ్బాని నీళ్ల పళ్లెంలో పెట్టేవారు, గుర్తుందా?

నాన్న కార్గిల్ నుంచి కాలికి దెబ్బతో తిరిగొచ్చాడు. ఉద్యోగం కోసం ఎక్కడికెళ్లినా "కబురు పెడతాం" అన్నవాళ్లే. ఆఖరికి బెల్లం మార్కెట్లో కాపలా పని దొరికిందన్నాడు. రోజూ మిలట్రీ బూట్లు మెరిసేలా పాలిష్ చేసుకుని, కుంటుకుంటూ బయల్దేరేవాడు.

"ఏటి మిలట్రీ, డ్యూటీకేనా?" అనేవాడు పక్కింటి మావయ్య.

"డ్యూటీకే బావా!" అనేవాడు నాన్న, నిటారుగా నిలబడి.

సాయంత్రం ఆ బూట్లకి చీమలు బారులు కట్టేవి. ఓరోజు దండెం మీది చొక్కాకీ పట్టాయి, సరిగ్గా భుజం దగ్గర.

"అమ్మా, కాపలా కాసినోళ్లకి బుజానికి బెల్లం ఎలా అంటుతాదే?"

అమ్మ ఆ చొక్కా దండెం మీంచి తీసి చీమలు దులిపింది. "బెల్లం దిమ్మలు మోత్తన్నాడే మీ నాన్న. అడక్కే," అంది.

ఆ ఏడాది మా ఇంట్లో బెల్లం కొనలేదు. ఖాళీగా ఉన్న పళ్లెంలో అమ్మ నీళ్లు పోసి, మధ్యలో ఇటుక పెట్టి, దానిమీద నాన్న బూట్లు పెట్టింది.

తెల్లారి నాన్న వాటిని చూశాడు. తొడుక్కుని గుమ్మం దిగాడు.

"ఏటి మిలట్రీ, డ్యూటీకేనా?"

నాన్న వంగి, కట్టిన లేసులే మళ్లీ విప్పి కట్టుకోసాగాడు.

వంటగదిలోంచి అమ్మే గట్టిగా అంది, "డ్యూటీకే అన్నయ్యా!"