సెలవు రోజు సంతకం

పంతొమ్మిదేళ్లుగా సిగ్నల్ కేబిన్‌లో లివర్లు లాగి అరచేతులు కాయలు కాచిన మనిషి కోర్టు బోనెక్కాడు. రెండు రైళ్లు ఢీకొని పదకొండు మంది పోయారు. ఎర్ర లైటు ఒక్కోసారి వెలగడం లేదని, రోజూ సంతకం పెట్టే కేబిన్ పుస్తకంలో వారం ముందే రాశానని అతను మొత్తుకున్నాడు. పుస్తకంలో ఆ మాటే లేదు.

స్టేషన్ మాస్టర్ మాత్రం తరచూ అతని ఇంటికొచ్చి, "మీ ఆయన లాయరుకేం చెప్పాడమ్మా?" అని ఆరా తీసేవాడు.

"ఆ స్టేషన్ మాస్టర్ ప్రేమ నాకు మింగుడు పడట్లేదండీ," అంది భార్య, జైల్లో అతన్ని చూడబోయినప్పుడు.

విచారణ రోజు జడ్జి ఆ పుస్తకం అతని చేతికిప్పించాడు. ఒక్కో పేజీ తిప్పుతూ, ప్రమాదానికి ముందు వారంలో బుధ, గురువారాల కింద తన సంతకం చూసి ఆగాడు.

"అయ్యా, ఆ బుధ, గురువారాలు చెల్లెలి పెళ్లికని సెలవు పెట్టాను. ఊళ్లో లేనివాణ్ణి సంతకమెలా పెడతాను?"

సెలవు చీటీ తెప్పించి చూస్తే నిజమే. సాక్షిగా వచ్చిన స్టేషన్ మాస్టర్ ముఖం పాలిపోయింది. గట్టిగా నిలదీస్తే, అతని ఫిర్యాదు పైకి పంపలేదని, అది బయటపడకూడదనే దొంగ సంతకాలతో పుస్తకం తిరగరాశానని ఒప్పుకున్నాడు.

విడుదలై మెట్లు దిగుతుంటే, ఆ ప్రమాదంలో కొడుకుని పోగొట్టుకున్న ఒకావిడ అడ్డం వచ్చింది.

"లైటు పాడైందని నీకు తెలుసు కదా బాబూ. మరి బండినెందుకు రానిచ్చావు?"

"రాశాను కదా, పైవాళ్లు చూసుకుంటారనుకున్నానమ్మా."

ఆమె అతని కళ్లలోకి అనుమానంగా చూసింది. ఇందాక కోర్టులో స్టేషన్ మాస్టర్ వైపు తానూ అలాగే చూసిన సంగతి అతనికి గుర్తొచ్చింది. అతను తల దించుకున్నాడు.