వాన పడితే మంచం ఎటు

మేడం పోయారన్న కబురు నాకు వాళ్లింటి నుంచి రాలేదు. గుండ్లపోచంపల్లిలో మావి ఎదురెదురు గేట్లే. అయినా ముందు ఫోన్ చేసింది మా కాలనీ ఊడ్చే యాదమ్మ. పొద్దున డ్యూటీలో ఉండగా గేటు ముందు అంబులెన్స్ చూసిందట. “అమ్మా, మేడం ఇగ లేదు. గుండె ఆగిందంట. మా లైను పని ఇంక కానే లేదు గదమ్మా,” అని ఏడ్చింది. ఆ చివరి మాటకు ఒక క్షణం నొచ్చుకున్నాను. తర్వాత అనిపించింది, బతికుంటే మేడం ముందుగా ఆ మాటకే జవాబు చెప్పేవారని.

ఆవిడ నాకు పాఠం చెప్పలేదు. పాలిటెక్నిక్‌లో సివిల్ లెక్చరర్‌గా రిటైరయ్యారు. నేను చదివింది ఎకనామిక్స్. కాలనీ అంతా మేడం అంటుంది కాబట్టి నాకూ మేడమే. మున్సిపాలిటీ వాళ్లు పారిశుద్ధ్య కార్మికులకిచ్చిన తమ క్వార్టర్లు ఏ స్థితిలో ఉన్నాయో చూసిపెట్టమని ఒక వేసవిలో ఆవిడను అడిగారు. “నువ్వూ రామ్మా, నేను చెప్తుంటే రాద్దువుగాని,” అన్నారు మేడం నాతో. మనం చూసి రాసినంత మాత్రాన ఏమవుతుందిలే అనుకుంటూనే వెళ్లాను.

ఆ మొదటి రోజు మూడు లైన్ల ఇళ్లూ పెళ్లిళ్లు జరగబోతున్నట్టు ఉన్నాయి. గుమ్మాల ముందు ముగ్గులు, గోడలకు తడి ఆరని సున్నం, ముందు గదుల నిండా క్యాలెండర్లు.

“మీరొస్తాండ్రని నిన్న అందరం సున్నమేసినం మేడం. కూసోండ్రి, చాయ్ పెడత,” అంది యాదమ్మ. ఆమె ఇల్లు చివరి లైనులో.

ఇంటికి మనుషులొస్తున్నారంటే ఎవరైనా చేసే పనే కదా. ‘గోడలు బాగున్నాయి’ అని రాయబోతుంటే మేడం తన గొడుగు కర్రతో గోడను తట్టారు. డొల్లగా మోగింది.

“నీ గొడుగు వానకు గాదా మేడం? మా ఇండ్లను కొట్టనీకే తెచ్చినవా?” యాదమ్మ నవ్వింది.

మేడం కూడా నవ్వారు. “వాన పడితే మంచం ఎటు జరుపుతావు యాదమ్మా?”

యాదమ్మ నవ్వు ఆగిపోయింది. తలుపు దగ్గరగా వేసి వచ్చి మెల్లగా చెప్పింది. “ఇల్లు మంచిగ లేదని రాస్తే ఖాళీ జెయ్యుమంటరు మేడం. గండిమైసమ్మ అవతల ఏడనో పడేస్తరు. తెల్లారకముందే డ్యూటీల ఉండాలె, ఆడికెల్లి ఎట్ల రావాలె? కురిస్తే కురవనీ. మంచిగనే ఉన్నదని రాయుండ్రి.”

నేను మర్యాద అనుకున్న సున్నం కింద ఇంత భయం ఉంది. మేడం ఆ రోజు ఇంకేమీ రాయనివ్వలేదు. చాయ్ తాగి, నన్ను తిన్నగా మున్సిపల్ ఆఫీసుకు తీసుకెళ్లారు.

“ముందు సర్వే ఇవ్వండి మేడం, తర్వాత ఆలోచిద్దాం,” అన్నాడు అధికారి.

“ముందు మీరు రాసివ్వండి. ఎవరినీ శాశ్వతంగా ఖాళీ చేయించబోమని, ఒక్కో లైనే బాగుచేసి ఎవరి ఇల్లు వాళ్లకే అప్పగిస్తామని. అప్పుడు వాళ్లు గోడలు చూపిస్తారు. వాళ్లు చూపించకుండా నేను రాసేది సర్వే కాదండీ, కట్టుకథ.”

తర్వాత చాలా రోజులు ఆ వరండా బెంచీ మీద పెరుగన్నం డబ్బాతో కూర్చున్నారు. సెలవు దొరికినప్పుడు నేనూ కూర్చునేదాన్ని. “వీళ్లు సంతకం పెట్టినా పని చేస్తారంటారా?” అని ఒకసారి అడిగాను. “అనుమానం ఉంటే ఉండనీ అమ్మా. దాన్నీ నీ పక్కన కూర్చోబెట్టుకో. నువ్వు మాత్రం లేవకు,” అన్నారు.

సంతకం పడ్డ రోజు, నల్లా దగ్గర అందరినీ పోగుచేసి ఆ కాగితం మేడమే చదివి వినిపించారు. యాదమ్మ మళ్లీ చదివించుకుంది. ఇంట్లోకి వెళ్లి క్యాలెండర్ లాగితే దాంతోపాటే పెచ్చు ఊడి మేడం పాదం మీద పడింది. ఇంత విరిగిన గోడల మధ్యా చెప్పులు గుమ్మం బయటే విడిచే అలవాటు ఆవిడది. పాదం రుద్దుకుంటుంటే పక్కింటామె పోటీకొచ్చింది: “గిదేం జూస్తవు మేడం, మా ఇంట్ల ఇంక మస్తుగున్నది, రా!” ఆ పూట ప్రతి ఇంట్లోనూ బీరువాలు జరిగాయి. షుగర్ ఉన్నా మేడం ప్రతి ఇంటి చాయ్ తాగారు. “వాళ్లు దాచుకున్నదంతా చూపిస్తుంటే మనం చాయ్ వద్దంటే ఎలా?” అన్నారు నాతో.

పని జరిగినన్నాళ్లూ ఒక్కో లైను వాళ్లు వంతులవారీగా కమ్యూనిటీ హాలుకు మారారు, తిరిగొచ్చారు. రెండు లైన్లు పూర్తయ్యాయి. మూడోది మిగిలింది, మేడం వెళ్లిపోయారు.

పెద్దకర్మ అయ్యాక నేనూ యాదమ్మా, చివరి లైను ఆడవాళ్లూ ఆఫీసుకు వెళ్లాం. “ఆవిడ లేరు కదండీ, మిగిలింది వచ్చే ఏడాది చూద్దాం,” అన్నాడు కొత్తగా వచ్చిన అధికారి.

“మీ ఆఫీసు మాటిచ్చింది ఆవిడకు కాదండీ, ఈ ఇళ్లకు,” అన్నాను. వెళ్లి మేడం కూర్చునే వరండా బెంచీ మీద కూర్చున్నాను. ఇక లేవలేదు. యాదమ్మ వాళ్లూ లేవలేదు. వానలు మొదలుకాకముందే పని మొదలైంది.

పోయిన వారం చివరి లైను కప్పు పూర్తయింది. ఎక్కడైనా కారుతుందేమో చూడడానికి మేస్త్రీ పైన అంచుల చుట్టూ సిమెంటు గట్టు కట్టి, నిండా నీళ్లు పెట్టాడు. కింద ఖాళీ గది మధ్యలో యాదమ్మ తల పైకెత్తి, అరచెయ్యి చాచి నిలబడింది.

“సప్పుడు జెయ్యకుండ్రి,” అంది.

గుమ్మంలో మేమంతా ఆ చెయ్యి వంకే చూస్తున్నాం. నెత్తి మీద అంత నీరు. చెయ్యి పొడిగానే ఉంది. ఆమె ఇంకా దించలేదు.