మగ్గం మీద మిగిలిన పోగులు

నేను ఐదో తరగతితో బడి మానేశాను. ఇలా రాయడం ఇదే మొదటిసారి. ఒత్తులు, దీర్ఘాలు తప్పిపోయి ఉంటాయి, ముందే చెప్పుకుంటున్నాను.

మాది ధర్మవరం. మా ఆయన పట్టుచీరలు నేస్తాడు. ఒక్కో విడత పోగుల్లో ఆఖరి చీర కోసేటప్పుడు నిలువు పోగులు జానెడు మగ్గం మీదే వదిలేస్తాం. షావుకారు ఇచ్చే కొత్త పోగులను ఆ పాతవాటికి ఒక్కొక్కటిగా అతికించాలి. ఆ పని నాది. పెళ్లయినప్పటి నుంచి మా మగ్గం ఖాళీగా ఉండడం నేను చూడలేదు.

మొన్న ఎండాకాలం మగ్గం చప్పుడు మారింది. వంట చేస్తూ వింటే మధ్యమధ్య ఆగిపోతోంది. పోయి చూస్తే పొద్దున్నుంచి నేసింది నాలుగు వేళ్లంత.

“ఒంట్లో బాగలేదా?”

“బాగనే ఉండాది. నీ పని చూసుకోపో.”

పక్కింటామె ఊరుకోదు కదా. “ఏమక్కా, మీ ఆయప్ప నేస్తాండాడా, మగ్గానికి జోల పాడతాండాడా?” అంది. నేనూ నవ్వేశాను.

మర్నాడు గట్టిగా అడిగితే తలెత్తకుండా చెప్పాడు. “ఇది కోస్తే మళ్లా పోగులియ్యడంట షావుకారు. అందరూ మిషన్ చీరలే అడుగుతాండారంట. ఎన్నాళ్లు లాగితే అన్నాళ్లు.”

ఇక నేనూ తొందరపెట్టలేదు. అన్నం తిన్నాక “ఇంకాసేపు పడుకో” అనేదాన్ని.

చివరికి షావుకారు మనిషి వచ్చాడు. “ఏందన్నా, చీర నేస్తాండావా, గుడి కడతాండావా? కొయ్యప్పా, ఈ పొద్దే కావల్ల.”

మా ఆయన కోశాడు. జానెడు కాదు, మూరెడు వదిలాడు. వేలెడు ఎక్కువైనా గొడవ చేసే ఆ మనిషి చూసి కూడా ఏమీ అనలేదు. అప్పుడు నాకు భయమేసింది.

పోగులన్నీ కట్టలుగా ముడేసి పాతగుడ్డ కప్పాను. అవి జారిపోతే కొత్తవి వచ్చినా అతికించడానికి ఏమీ ఉండదు.

వెనక వీధిలో మిషన్లు పెట్టారు. ఈయన పని అడగబోతే “నాలుగు మిషన్లకు ఒగ మనిషి చాలన్నా, యాడుండాది పని?” అన్నారట. అవి తిరిగితే మా నేల అదురుతుంది. గుడ్డ కింద పోగులు వణుకుతాయి. నిన్న ఒక ముడి వదులైతే మళ్లీ బిగించాను.

ఈ రోజు పాతకట్టె కొనే ఆయన వాకిట్లో నిలబడి మగ్గాన్ని చూశాడు. “టేకేనా అన్నా?” అన్నాడు. మా ఆయన ఔననలేదు. పొమ్మని కూడా అనలేదు.

మగ్గం పక్కనే కూర్చుని ఇది రాస్తున్నాను. నేల అదురుతూనే ఉంది. నా తప్పులు మీ ఇంటి మనిషివి అనుకుని క్షమించండి.