ఓపెన్ ఆవు

అమరిల్లో నుంచి డాలస్ వెళ్లే బస్సులో నా పక్క సీటావిడ తెలుగావిడేనని, నేను అమ్మతో ఫోన్ పెట్టేశాకే తెలిసింది. పశువుల్ని పెంచే రాంచుల్లో ఆవులకు దాణా కుదిర్చే ఉద్యోగమట.

"మరి గొడ్డుపోయిన ఆవుల్ని ఏం చేస్తారండీ?" అన్నాను, మాట కలపడానికి.

"మేం గొడ్డు అనం అండీ, ఓపెన్ అంటాం. చూలు నిలవకపోతే ముందు ఫీడ్ చెక్ చేస్తాం. చలికాలమంతా ఎండుగడ్డితోనే సరిపెట్టేశామా, పత్తిచెక్క కూడా పెట్టామా అని. చాలాసార్లు తప్పు మాదే."

ఆవిడ నా వైపు చూడలేదు. పిల్లల్లేని మా వదినని అంతసేపూ ఫోన్‌లో నేనన్న మాట ఆ 'గొడ్డు' అనేదే. డాలస్ దాకా తలెత్తలేకపోయాను.

ఇప్పుడు వదినకి ఫోన్ చేస్తే ముందు "తిన్నావా వదినా?" అంటాను. ప్రతిసారీ ఆమె ఒక్క క్షణం ఆగి, ఎందుకడిగానో తేల్చుకున్నాకే జవాబు చెబుతుంది.